దేవసహాయం చెయ్యి వణకదు

చిలకలగూడలో మంచినీళ్ల ప్లాంటు దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు మూడు నెలలుగా చెప్పుకున్న మాట ఒకటుంది. రైల్వే పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన దేవసహాయానికి చేతులు వణుకుతున్నాయని, అందుకే ఆయనతో జోడీగా గిటారు వాయించే హరికిషన్ ఆయన్ని పక్కన పెట్టేశాడని. కొందరు కుడిచెయ్యి అన్నారు. కొందరు ఎడమచెయ్యి అన్నారు. అసలు పక్షవాతమే వచ్చింది, ఇంట్లోవాళ్లు దాస్తున్నారని కూడా అన్నారు. ఇంతమందికి ఇన్ని తెలిశాయి గానీ, నాలుగడుగులు వేసి ఆ ఇంటికి వెళ్లి కళ్లు తెరిచి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

ఆ మాట శుద్ధ అబద్ధం. చెయ్యి వణకదు. ఆయన భార్య ప్రేమమణికి ఆ సంగతి బాగా తెలుసు, ఎందుకంటే ఆవిడ సూదిలో దారం ఎక్కించేది ఇప్పటికీ ఆయనే. ఆయనకు అరవై ఆరేళ్లు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దారం కొస నాలిక మీద తడిపి, ఒక్కసారికే ఎక్కిస్తాడు. రెండోసారి ప్రయత్నించడం ఆవిడ ఇంతవరకు చూడలేదు.

మరి గిటారు ఎందుకు ఆగిందంటే, ముందు ఆ గిటారు ఆ ఇంట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

దేవసహాయం తండ్రి ఒంగోలు వైపునుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి లాలాగూడ క్వార్టర్లలో స్థిరపడ్డాడు. వాళ్ల పక్క వరండాలో జెఫ్రీ అనే ఇంజను డ్రైవరు ఉండేవాడు. డ్యూటీ దిగి, ఒంటి మీది మసి కడుక్కుని, తల కూడా సరిగా తుడుచుకోకుండా గిటారు పట్టుకుని కూర్చునేవాడు. వాయించేది సినిమా పాట కాదు, చర్చి పాట కాదు, జాజ్. పన్నెండేళ్ల దేవసహాయం ఆ వరండా మెట్టు మీద కూర్చుని, కూర్చుని, చివరికి గిటారు నేర్చుకున్నాడు. జెఫ్రీ అతనికి ముందు నేర్పింది పాట కాదు, లెక్క. ఒక పాటకు ఒక చుట్టు ఉంటుంది. చుట్టులో ముప్పై రెండు గళ్లు, గడికి నాలుగు బీట్లు. పైన వాయించేవాడు ఎంత దూరం పోయినా కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగే స్వరాలు, వాయించేవాడు ఆ గళ్లు వదలకూడదు.

ఈ జాజ్ మీద ప్రేమమణి అభిప్రాయం పెళ్లైన కొత్తలో ఏర్పడిందే, ఆ తర్వాత మారలేదు. ముప్పై ఒక్క ఏళ్లు మిషన్ బడిలో ఒకటో తరగతికి చెప్పిన మనిషి ఆవిడ, ఏది చెప్పినా విడమరిచి చెబుతుంది.

"మొదట ఒక పాట వాయిస్తారు, బాగానే ఉంటుంది. దాన్ని అక్కడే వదిలేసి ఒకడు ఊరంతా తిరగడానికి పోతాడు. వాడు వచ్చేదాకా రెండోవాడు ఇంటి దగ్గర కాపలా. వాడు తిరిగొచ్చి తలుపు కొడితే వీడు తియ్యాలి. తిరిగినవాడికి చప్పట్లు. కాపలా ఉన్నవాడికి మంచినీళ్లు. ఇదేగా మీ సంగీతం?" అని భర్త మొహం మీదే అనేది.

దేవసహాయం నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకు ఇంకా ఒళ్లు మండేది.

తిరిగేవాడు హరికిషన్. మోండా మార్కెట్ దగ్గర కళ్లజోళ్ల దుకాణం. తన మొహానికి వారానికో కొత్త ఫ్రేము, ఒకసారి నీలం, ఒకసారి తాబేలు చిప్ప రంగు. నెత్తిన నల్ల టోపీ, అది మే నెల మిట్టమధ్యాహ్నం కూడా దిగదు. ఎవరో స్నేహితుడి ఇంట్లో విందులో దేవసహాయం వాయిస్తుంటే విని, మర్నాడు శనివారం గిటారు వేసుకుని ఈ ఇంటికి వచ్చాడు. ఇరవై రెండేళ్లు మళ్లీ శనివారం తప్పలేదు. ముందుగదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా వేసుకుని ఐదు గంటలకు మొదలుపెట్టేవాళ్లు. క్లబ్బుల్లో, హోటళ్లలో, పెద్దవాళ్ల ఇళ్ల రిసెప్షన్లలో వాయించేవాళ్లు. మైకు ఎప్పుడూ హరికిషన్ చేతిలోనే ఉండేది. "ఐ యామ్ హరికిషన్," అని టోపీ అంచు తాకి, "రిథమ్ మీద మన దేవసహాయం అన్న," అని ఆయన వైపు చెయ్యి చూపేవాడు. బల్లల దగ్గర ఎవరు వడ్డిస్తారో చూపినట్టు ఉండేది అది.

జోడీ అన్నాక వంతులుంటాయి. హరికిషన్ రెండు చుట్లు తిరిగొచ్చాక తల ఊపుతాడు. అప్పుడు దేవసహాయం ఒక చుట్టు తిరగాలి, హరికిషన్ కింద కార్డ్స్ వాయించాలి. ఆ తల ఊపడం వరకు సక్రమంగానే జరిగేది. ఆ తర్వాత హరికిషన్‌కు దాహం వేసేది, లేకపోతే గిటారు మర వదులయ్యేది, అదీ కాకపోతే టోపీ సర్దుకోవాల్సి వచ్చేది. దేవసహాయం పాపం తన చుట్టు తనే కాపలా కాసుకుంటూ, త్వరగా తిరిగి ఇల్లు చేరేవాడు. అప్పటికి దాహం తీరేది. మళ్లీ హరికిషన్ వంతు.

ఈ వేసవిలో హరికిషన్ కూతురు హిమజ, తండ్రి పుట్టినరోజుకని, ఒక డబ్బా ఆన్‌లైన్‌లో తెప్పించింది. రెండు సబ్బుపెట్టెలంత డబ్బా, నేల మీద పెట్టి కాలితో తొక్కాలి. ఆ శనివారం హరికిషన్ దాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు.

"ఇగ సూడన్నా," అన్నాడు. "ఇట్ల తొక్కితె కార్డ్స్ షురూ. మల్ల తొక్కితె బంద్. మనం వాయించే పాటలన్ని దీంట్లనే ఉన్నయి. దీనికి చాయ్ వద్దు, ఆటో వద్దు, పరేషానే లేదు."

డబ్బా మోగింది. దేవసహాయం తల వంచి ఒక చుట్టు మొత్తం విన్నాడు.

"బాగుంది హరీ. లెక్క కరెక్టుగా ఉంది."

"కదా! ఇగ నువ్వు జెర రెస్ట్ తీస్కోవచ్చన్నా. ఎన్ని దినాలని కష్టపడ్తవ్? పెద్ద మనిషివి."

ట్రేలో రెండు కప్పులతో వచ్చిన ప్రేమమణి గడపలోనే ఆగిపోయింది. "డబ్బాకు టీ వద్దు, సరే. మీకు కావాలా తమ్ముడూ?" అంది.

"అయ్యో, వదిన చేతి చాయ్ ఎవరొద్దంటరు!" అని హరికిషన్ నవ్వుతూ కప్పు అందుకున్నాడు. ఎత్తిపొడుపు అర్థం కావాలంటే ముందు మనిషి తన గొంతు తను వినడం ఆపాలి.

ఆ సాయంత్రమే దేవసహాయం గిటారును పెట్టెలో పెట్టి ముందుగదిలో గోడ పక్క మంచం కిందికి తోశాడు. అది అక్కడే ఉండిపోయింది.

చెయ్యి వణుకు కథ పుట్టింది కళ్లజోళ్ల దుకాణంలో. జోడీ ఏమైందని గిరాకీలు అడిగితే హరికిషన్ ఏం చెప్పాలి? డబ్బా కొన్నాను, మనిషిని తీసేశాను అంటే వినడానికి బాగుండదు కదా. "అన్న చెయ్యి జెర వణుకుతున్నదండీ, పాపం," అన్నాడట. 'పాపం' తగిలించాడు కాబట్టి అందరూ నమ్మారు.

ఆ మాట చర్చికి చేరింది. ఆ తర్వాతి బుధవారం స్త్రీల సమాజం నుంచి హదస్సా, ఇంకో నలుగురు ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు. దేవసహాయం ముందుగదిలో పేపరు చదువుకుంటున్నాడు, పేపరు అంచు కూడా కదలడం లేదు. హదస్సా కళ్లు అప్పటికే మూసుకుంది కాబట్టి అది చూడలేదు.

"బ్రదర్, చెయ్యి ఇలా ఇవ్వండి," అంది.

"ఏ చెయ్యండీ?" అన్నాడు దేవసహాయం.

ఐదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి కుడిచెయ్యి ఖాయం చేశారు. ఆయన బుద్ధిగా చాపాడు. పావుగంట ప్రార్థన జరిగింది. ఆ చెయ్యి పావుగంటా గాల్లో గూటం కొట్టినట్టు నిలబడి ఉంది. లేచి వెళ్తూ హదస్సా, "చూశారా, అప్పుడే ఎంత నిమ్మళించిందో!" అని కన్నీళ్లు తుడుచుకుంది. ఆ ఆదివారం నుంచి చర్చి గాయక బృందంలో కూడా ఆయన్ని గిటారు పట్టనివ్వలేదు. విశ్రాంతి తీసుకోండి, స్వస్థత నిలబడాలి అన్నారు.

పక్కింటి విజయమ్మ తన వంతుగా ఒక నూనె సీసా తెచ్చింది. ఆవిడ మనసులో కల్మషం లేదు గానీ నోటికి తలుపు లేదు.

"ఏందమ్మా టీచరమ్మా, సారు చెయ్యి ఎట్లుందిప్పుడు? ఈ నూనె రుద్దితె మా ఆయన మోకాలు గుర్రం లెక్క అయింది."

"మోకాలికి రుద్దేది చేతికెందుకు విజయమ్మా?"

"ఎందుకైనా రుద్దాలె. తక్లీఫ్ తక్లీఫే కదా!"

ఆవిడ వెళ్లాక ప్రేమమణి సీసా బల్ల మీద ఠపీమని పెట్టింది. "వణకడం లేదని ఒక్కమాట అనలేరా? నోరు కూడా ఆ మంచం కిందే పెట్టారా?"

"అంటే ఏమవుతుంది మణీ? దాస్తున్నాడంటారు," అన్నాడు దేవసహాయం.

ఆవిడ నలభై ఏళ్లుగా భరించింది ఈ మెత్తదనాన్నే. పార్సిల్ ఆఫీసులో తన తర్వాత చేరినవాళ్లు తన పై కుర్చీల్లో కూర్చున్నా ఇలాగే అన్నాడు. కానీ ఇది కుర్చీ కాదు. సాయంత్రం ఐదయ్యేసరికి ఆయన ముందుగదిలోకి వచ్చి, ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని, కాసేపటికి లేచి పోతున్నాడు. అన్నం కూడా సగానికి తగ్గింది. ఆ గిటారు మళ్లీ బయటికి రాకపోతే ఈ మనిషి ఏమవుతాడా అని ఆవిడకు మొదటిసారి భయం వేసింది. జాజ్ మీద అభిప్రాయం మాత్రం మారలేదు.

అలా ఉండగా బొల్లారంలో ఒక క్లబ్బువాళ్లు ఆదివారం సాయంత్రం పాత సంగీతం కచేరీ పెట్టారు. హరికిషన్ వాయిస్తున్నాడు. విజయమ్మ కబురు మోసుకొచ్చింది.

"పోదాం పా టీచరమ్మా. ఆయన ఒక్కడే వాయిస్తడంట. ఎట్ల వాయిస్తడో సూడాలె కదా!"

ప్రేమమణి ఒద్దందామనుకుంది. ఇంతలో లోపలి గదిలోంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని దేవసహాయం వచ్చాడు. "ఆటో పిలవమంటావా?" అన్నాడు. ఆవిడ చెప్పులు వేసుకుంది.

క్లబ్బు హాల్లో చివరి వరసలో, ఫ్యాను కింద కూర్చున్నారు ముగ్గురూ. హరికిషన్ వేదిక మీదికి వచ్చి టోపీ అంచు తాకాడు. ఆ రోజు ఫ్రేము ఎరుపు. "లేడీస్ అండ్ జెంటిల్మెన్, టుడే నేను ఒక్కడినే ఇద్దరు!" అని డబ్బా తొక్కాడు.

మొదట పాట వాయించాడు. బాగుంది, ఆ మాట దాచకూడదు. వేళ్లు బాగానే పరుగెత్తుతాయి అతనికి. తర్వాత అలవాటు ప్రకారం ఊరు తిరగడానికి బయల్దేరాడు. మొదటి చుట్టు ముప్పావు వంతు అయ్యేసరికి, మంచి హుషారులో మెడ ఎగరేస్తూ వస్తున్నాడు, ఒకచోట ఏదో జరిగింది. అతను ముందుకు వెళ్లిపోయాడు. డబ్బా వెనక ఉండిపోయింది. రెండు పక్కిళ్లలో రెండు రేడియోలు పెట్టినట్టు రెండూ ఒకదాన్నొకటి పొడుచుకోసాగాయి.

హరికిషన్ డబ్బా వైపు గుడ్లురిమి చూశాడు. ఫ్యాక్టరీలో పుట్టిన డబ్బా, దానికి గుడ్లురిమితే ఏం తెలుస్తుంది? అది తన ముప్పై రెండు గళ్లు తను లెక్కపెట్టుకుంటూ పోయింది. అతను ఎలాగో తడుముకుని దాన్ని అందుకున్నాడు. రెండో చుట్టులో సరిగ్గా అక్కడే మళ్లీ జారాడు. ఈసారి కోపంతో తన్నాడు. డబ్బా ఆగిపోయింది. హాలంతా నిశ్శబ్దం, మధ్యలో అతని గిటారు ఒక్కటే బట్టల్లేకుండా నిలబడింది. కంగారుగా మళ్లీ తొక్కాడు. అది మొదటి గడి నుంచి మొదలుపెట్టింది, అతనేమో నడిమధ్యలో ఉన్నాడు.

ముందు వరసలో సూటు వేసుకున్న పెద్దమనుషులు ఇది కొత్త పద్ధతి అనుకున్నారో ఏమో, గంభీరంగా తలలు ఊపుతున్నారు. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

విజయమ్మ ప్రేమమణి చెవిలో, "టీచరమ్మా, ఇది గిట్లనే ఉంటదా, లేకుంటె ఖరాబైందా?" అంది.

ప్రేమమణి చూపు వేదిక మీద లేదు. ఆవిడ భర్త ఎడమచెయ్యి చూస్తోంది. ఆ చెయ్యి ఆయన మోకాలి మీద ఉంది. వేళ్లు ప్యాంటు గుడ్డ మీద కార్డ్స్ నొక్కుతున్నాయి, ఒకటి తర్వాత ఒకటి, డబ్బాతో కలిసి. హరికిషన్ జారే చోటు వచ్చింది. డబ్బా ఇంకా మారలేదు. ఆయన వేళ్లు మారాయి. హరికిషన్ ఎగిరిన క్షణానే, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఆయన వేళ్లు కూడా ఎగిరాయి. ఆవిడ ఇంకో చుట్టు చూసింది. ఇంకో పాట కూడా చూసింది. ప్రతిసారీ అక్కడే.

ఒకటో తరగతి టీచరుకు అంతకంటే వివరించాలా? ముందు నిలబడి ఎక్కం చెప్పే పిల్లవాడు 'రెండు ఎనిమిదులు' మింగేసి 'రెండు తొమ్మిదులు' అంటాడు. వెనక క్లాసంతా వాడితోపాటే ఎగిరిపోతుంది. గట్టిగా, కలిసికట్టుగా ఉంటుంది, వరండాలో పోయే హెడ్మాస్టరుకు తప్పు వినిపించదు. ముందున్న పిల్లవాడికైతే అసలే వినిపించదు.

ఇరవై రెండేళ్లు ఈయన ఆ క్లాసు.

విరామంలో హిమజ కనపడింది. పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని ఉంది. "ఆంటీ, డాడీకి ముందే తెల్సు, ఆ మెషిన్ ఒక జాగల స్లిప్ అయితదని. నాతోని వాపసు పంపించి కొత్తది తెప్పిచ్చిండు. కొత్తది సుత అదే జాగల స్లిప్ అయింది. కంపెనీయే ఫ్రాడ్ అన్నడు."

ప్రేమమణి నవ్వు ఆపుకోవడానికి చీర కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో తయారైన రెండు డబ్బాలు తప్పంట, మోండా మార్కెట్ టోపీ ఒక్కటే ఒప్పంట!

మర్నాడు పొద్దున తొమ్మిది కాకముందే హరికిషన్ వచ్చాడు. నెత్తిన టోపీ లేదు. టోపీ కింద ఇంత బట్టతల ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక అట్టపెట్టె మిఠాయి బల్ల మీద, నూనె సీసా పక్కన పెట్టాడు.

"మెషిన్ల జాన్ లేదన్నా, పానమే లేదు," అన్నాడు. "మనిషి మంచి జోష్ మీద పోతుంటె అది ఎన్కపడ్తది. దానికి సంగీతం తెల్వదు. క్లబ్బోల్లు వచ్చే నెల రెండో ఆదివారం మల్ల పెడ్తున్నరు. ఇద్దరు రావాలె అన్నరు."

దేవసహాయం పేపరు మడిచాడు.

"చెయ్యి ఎట్లుందన్నా? మంచిగైందా?"

ఆ మాట వినగానే ప్రేమమణి కదిలింది. లోపలికి వెళ్లి సూదులపెట్టె తెచ్చింది. అన్నిటికంటే సన్నటి సూది ఒకటి, దారం ఒకటి తీసి భర్త చేతిలో పెట్టింది. ఆయన ఆవిడ మొహం చూశాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు, దారం తడిపాడు, ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ ఇంకో సూది తీసి హరికిషన్ ముందు పెట్టింది.

"మీరూ ఒకటి ఎక్కించండి తమ్ముడూ. కళ్లజోళ్లు అమ్మేవాళ్లు, చూపు బాగుంటుంది."

హరికిషన్ నవ్వాడు. ఒకసారి పెట్టాడు, రెండోసారి పెట్టాడు, కళ్లజోడు తీసి పెట్టాడు, పెట్టుకుని పెట్టాడు. దారం కొస చీలి చీపురు కట్టలా అయింది. "నాకు అలవాటు లేదొదినా," అని సూది జాగ్రత్తగా బల్ల మీద పెట్టి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "వస్తవు కదన్నా?" అన్నాడు. ఆ గొంతులో మైకు గొంతు లేదు.

"చెబుతాలే హరీ."

అతను వీధి మలుపు తిరగకముందే విజయమ్మ గోడ మీదినుంచి, "ఏంది, కాళ్ల మీద పడ్డడా?" అని అడిగింది. సాయంత్రానికి నీళ్ల ప్లాంటు దగ్గరి మాటల్లో అతను నిజంగానే కాళ్ల మీద పడ్డాడు. రెండు రోజులకు ఏడ్చాడు కూడా. అదీ అబద్ధమే, కానీ దాన్ని సరిదిద్దడానికి ప్రేమమణి పెద్దగా తొందరపడలేదు.

శనివారం వచ్చింది. ఐదు గంటలకు దేవసహాయం ముందుగదిలోకి వచ్చి ఎప్పటిలా ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చోబోయాడు. ఈసారి ఆ కుర్చీ ఖాళీగా లేదు. ప్రేమమణి కూర్చుని ఉంది, మోకాళ్లు తగిలేంత దగ్గరగా.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది.

ఏమిటని ఆయన అడగలేదు. "మొదటి శనివారం నుంచి. ఇరవై నాలుగో గడిలో ఆఖరి రెండు బీట్లు మింగేస్తాడు."

"చెప్పలేదేం?"

"రెండు మూడుసార్లు చెప్పబోయాను. దాహం వేసింది అతనికి."

"అందుకని మీరూ మింగారు. ఇరవై రెండేళ్లు! అతని తప్పు మీ చేత్తో కప్పితే, ఆ చెయ్యే వణుకుతోందని ఊరంతా చాటాడు. ఆ 'పాపం' అనేవాళ్లతో, ఆ ప్రార్థనలతో, ఆ నూనెతో నేను చచ్చాను. నవ్వకండి! సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. మళ్లీ ఆ మనిషి పక్కన కూర్చుంటారా, కూర్చోరా?"

దేవసహాయం వంగి మంచం కింద నుంచి పెట్టె లాగాడు. మూత మీది దుమ్ము అరచేత్తో తుడిచి, గిటారు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మరలు ఒక్కొక్కటే బిగించుకుంటూ అన్నాడు:

"కూర్చుంటాను మణీ. అతను ఎగిరేచోట ఈసారి నేను ఎగరను. ఇరవై నాలుగో గడిలోనే ఉంటాను. వచ్చి తలుపు కొట్టనీ."